నన్నయ, వీరేశలింగాలతోనే ఆగిపోకూడదు
రాజమహేంద్రవరం సాహిత్య వారసత్వం నన్నయ భారతంతో మొదలై, 1919లో కందుకూరి వీరేశలింగం మరణంతో దాదాపు ముగిసిపోయిందన్న ధోరణిలో, ఈ ఊరి సాహితీవేత్తల విగ్రహాల చిరునామాలిస్తూ మరుగున పడినవారిని ప్రస్తావించిన వ్యాసంలో వ్యాసకర్త రాసిన మాటతో నేను ఏకీభవించలేను. చూపు కోల్పోయిన తరువాత కూడా ఇతరులచేత రాయించి రచన సాగించిన చిలకమర్తి లక్ష్మీనరసింహం 1946 వరకు జీవించారు. వేదశాస్త్రాల చదువులో పెరిగి, తెలుగులో రాయడాన్నే చిన్నచూపు చూసిన ఇంటివాతావరణాన్ని ఎదిరించి కథకుడైన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 1961 వరకు ఉన్నారు. శ్రీపాద కథల్లోని ఆడవాళ్ల సంభాషణలు మా గోదావరి లోగిళ్లలో వినిపించిన తెలుగే. మా అమ్మమ్మకు ఆ కథలు చదివి వినిపిస్తూ ఉంటే, వత్తులు చేసుకుంటున్న చేతులు ఆపి, "ఇది మన వీధిలో మాటే కదరా" అనేది. ఏ విమర్శ గ్రంథమూ నాకు అంత సూటిగా ఆయన గొప్పతనాన్ని చెప్పలేదు. రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయంలో వీరి పుస్తకాల పాత ప్రతులు తిరగేసిన రోజుల్లో, వేలు తగిలితేనే అంచు పొడిపొడిగా రాలిపోయే కాగితాన్ని అరచేత్తో ఆనించి తిప్పవలసి వచ్చేది. మరుగున పడినవారంటే నా దృష్టిలో చిలకమర్తి, శ్రీపాదలే, ఎందుకంటే పేరు అందరికీ తెలుసు, చదివినవారే తక్కువ. విగ్రహాల చిరునామాలతో పాటు ఈ రచయితలు నివసించిన వీధులనూ, వారి పుస్తకాలు దొరికే చోట్లనూ వ్యాసకర్త తరువాతి భాగంలో చేర్చాలని కోరుతున్నాను.