పైపు వేస్తారు సరే, లోపల ఎవరు చూస్తారు?

వరంగల్‌కు అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ వస్తోంది, నాలుగు వేల కోట్ల పైచిలుకు పని అని అందరూ సంబరపడుతున్నారు. రావాల్సిందే. ఇన్నేళ్లూ సెప్టిక్ ట్యాంకులు, తెరిచిన మోరీలతోనే నెట్టుకొచ్చాం. కానీ వేసిన పైపు లోపల ఎలా ఉందో ఎవరు చూస్తారు, ఎప్పుడెప్పుడు చూస్తారు అన్న మాట మాత్రం ఎవరి నోటా వినపడటం లేదు. నా గొడవంతా అదే.

మన దగ్గర పైపుకి పరీక్ష అంటే రోడ్డు కుంగడమే. మా వీధి మలుపులో మోరీ నీళ్ల కోసం రోడ్డు కింద వేసిన సిమెంటు పైపు ఉంది. నిరుడు వానలకు దాని మీద రోడ్డు దిగబడింది. వచ్చారు, మొరం పోశారు, "వానలు ఎక్కువ పడ్డాయి సార్" అని వెళ్లిపోయారు. పాపం, వానదేం తప్పు? జాయింటు విడిన పైపులోకి చుట్టూ ఉన్న మట్టి నీళ్లతో పాటు కొంచెం కొంచెంగా జారిపోతుంది. చల్క నేలైతే మరీ తొందరగా. పైన తారు గట్టిగానే కనిపిస్తుంది, కింద అంతా డొల్ల. ఏ ఇసుక లారీయో ఎక్కిన రోజు బయటపడుతుంది.

లోపల చూడటం బ్రహ్మవిద్యేం కాదు. జెట్టింగ్ మిషన్‌తో నీళ్లు జోరుగా కొట్టి సిల్ట్ (పేరుకున్న బురద) తీసేసి, చక్రాల మీద నడిచే కెమెరాను మ్యాన్‌హోల్‌లోంచి దించుతారు. హైదరాబాద్‌లో పనిచేసే దోస్తు ఒకసారి అలాంటి వీడియో చూపించాడు. గుండ్రటి పైపును గడియారం ముఖంలా అనుకుని, లోపం ఎక్కడుందో ఆ లెక్కన చెప్తారు, పన్నెండంటే నడినెత్తి: మూడు గంటల దగ్గర చెట్టు వేరు, పన్నెండు గంటల దగ్గర పగులు. ఆ వీడియోలోని పైపులో అడుగున మురుగు పారే చోట సిమెంటు బాగానే ఉంది. పైభాగమే ఎవరో కొరికి తిన్నట్టు ఊడిపోయి, లోపలి ఇనుప చువ్వలు బయటికొచ్చాయి. మురుగు నిలిచి కుళ్లితే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు లేస్తుంది. పైన తడి గోడ మీద బతికే బ్యాక్టీరియా దాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుస్తుంది. మన ఎండలకు ఆ పని ఇంకా జోరుగా సాగుతుంది. మురుగు సెకనుకు కనీసం 0.6 మీటర్ల వేగంతో పారేలా వాలు ఇవ్వాలని డిజైన్‌లో రాసేది ఊరికే కాదు.

ఇంకో సంగతి. పాత పైపైతే చెడిపోయింది, కొత్తదైతే బాగుంది అనుకోవడం సగమే నిజం. హన్మకొండ వైపు తవ్వితే చాలాచోట్ల బండ తగులుతుంది. కింద ఇసుక పరుపు లేకుండా పైపును బండ మీదే కూర్చోబెడితే బరువంతా ఒకే చోట పడి, బిల్లు పాసయ్యేలోపే పగులుతుంది. రేగడి నేల సంగతి వేరు, అది వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుని జాయింట్లను కదిలిస్తుంది.

చూశాక ఒక్కో పైపుకీ ఒకటి నుంచి ఐదు దాకా గ్రేడు ఇస్తారు, ఐదంటే రేపో మాపో కూలేది. ఆ గ్రేడు ఒక్కటే చాలదు. కూలితే ఎవరి కొంప మునుగుతుందో కూడా లెక్కగట్టాలి. గల్లీ చివర పైపుకీ, ఎంజీఎం ఆస్పత్రి ముందు రోడ్డు కింది పైపుకీ ఒకే పగులున్నా ప్రమాదం ఒకటి కాదు. పక్కనే తాగునీటి పైపు పోతుంటే ఇంకా టెన్షన్. మనకు నల్లా నీళ్లు రోజంతా రావు కదా, నీళ్లు కట్టేశాక ఖాళీ అయిన పైపు తన పగుళ్లలోంచి చుట్టూ ఉన్న మురుగును లోపలికి లాక్కుంటుంది. ముందు ఏది బాగుచేయాలో ఈ రెండు లెక్కలూ కలిపి తేల్చాలి. ఏ కార్పొరేటర్ గట్టిగా అరిచాడన్నదాన్ని బట్టి కాదు.

"కెమెరాలకు డబ్బులెక్కడివి సార్" అంటారు. ఏదైనా జామ్ అయితే మనిషిని దించడానికి మాత్రం వెనకాడరు. చేతులతో పాకీ పనిని నిషేధించిన 2013 చట్టం, రక్షణ సామగ్రి లేకుండా అలా దించడాన్ని నేరం అంటోంది. మురుగులో దిగి చనిపోతే కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఏదో ఒక ఊరి నుంచి ఆ వార్త వస్తూనే ఉంటుంది.

నేను అడిగేది పెద్దదేం కాదు. ప్రతి మ్యాన్‌హోల్ నుంచి మ్యాన్‌హోల్ దాకా వీడియో తీశాకే బిల్లు పాస్ చేయండి. కాంట్రాక్టర్ పూచీ గడువు తీరే ముందు మళ్లీ తీయండి, రెండూ పక్కపక్కన పెట్టి చూశాకే డిపాజిట్ వాపస్ ఇవ్వండి. ఆ వీడియోలు ఆఫీసు బీరువాలో కాకుండా, మా వార్డు జనం చూసేలా ఆన్‌లైన్‌లో పెట్టండి.