ఏ నీళ్లలో దిగారు?

వానలు ముదిరితే చాలు, హైదరాబాద్ బస్తీ దవాఖానాల ముందు జ్వరంతో వచ్చినవారి వరుస పెరుగుతుంది. డెంగీ లేదు, మలేరియా లేదని తేలాక చాలాసార్లు చీటీ మీద ‘వైరల్ జ్వరం’ అని రాసి పంపేస్తారు. దర్యాప్తు అక్కడే ఆగిపోతోందన్నది నా బాధ. అది ఎలుకల వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరమూ కావచ్చు.

ఎలుకల మూత్రంతో వాననీటిలో కలిసే లెప్టోస్పైరా బ్యాక్టీరియా కాలి పగుళ్ల గుండా, చిన్న గాయాల గుండా ఒంట్లో చేరుతుంది. సాధారణంగా 5 నుంచి 14 రోజుల్లో జ్వరం, కళ్ల ఎరుపు, పిక్కలు తాకనివ్వనంత నొప్పి మొదలవుతాయి. ముదిరితే కామెర్లు వస్తాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. తొలి రోజుల్లో పసిగడితే డాక్సీసైక్లిన్ వంటి చౌక మందుతోనే తగ్గుతుంది. కానీ మొదటి వారంలో యాంటీబాడీ పరీక్ష నెగెటివ్ రావచ్చు. అందుకే ఫలితం కోసం ఎదురుచూడకుండా, అనుమానం రాగానే వైద్యం మొదలుపెట్టాలి.

ఆ అనుమానం ఒక్క ప్రశ్నతో పుడుతుంది: ఈ రెండు మూడు వారాల్లో ఏ నీళ్లలో దిగారు? నాలాలో పూడిక తీసే కార్మికుడి పాదాలు చూడండి. నాని తెల్లబడిన చర్మం, నెర్రెలిచ్చిన మడమలు, అరిగిన రబ్బరు చెప్పులు. చీటీలో అతని వయసు ఉంటుంది, పని ఉండదు. పనీ వీధీ రాసుకుంటే ఒకే గల్లీ నుంచి ముగ్గురు వచ్చారన్న సంగతి ఆ వారమే బయటపడుతుంది.

అప్పుడు ఆ గల్లీకి వెళ్లాలి. విషపు ఎరలు చల్లి చేతులు దులుపుకుంటే లాభం లేదు. మిగిలిన ఎలుక మూడు వారాలకే మళ్లీ ఈనుతుంది. చెత్త, తిండి దొరక్కుండా చేసి, కన్నాలు పూడ్చాలి. (ఇంగ్లిషు ‘బ్యాండికూట్’ మన పందికొక్కు నుంచే పుట్టింది, అంత పాత పరిచయం మనది.) ఎలుకల వల్లే వచ్చే ప్లేగు అయితే ముందు వాటి ఒంటిమీద రక్తం పీల్చే ఫ్లీ పురుగులను చంపాలి. ఎలుకలనే ముందు చంపితే ఆ పురుగులు మనుషుల మీదికి దూకుతాయి. ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్లే.

1908 మూసీ వరద, 1911 ప్లేగు తర్వాత 1912లో ఈ నగరంలో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడి ఇరుకు బస్తీలను విశాలంగా మార్చింది. 2020 అక్టోబరు వరదల్లో పాతబస్తీ కాలనీల్లో జనం మురుగునీటిలోనే సామాన్లు మోశారు. 2018 వరదల్లో కేరళ ముంపు నీటిలో పనిచేసేవారికి ఈ జ్వరం రాకుండా ముందుజాగ్రత్తగా వారానికోసారి డాక్సీసైక్లిన్ ఇచ్చింది. మన నాలా కార్మికులకు తొలకరికి ముందే బూట్లు, వైద్యుల సలహాతో ఆ మందూ చేరాలి.