అసటీగ్ దీవిలో ఐటీ రెయిడ్

క్యాంపింగ్ అంటే తక్కువ సామానుతో బతకడమేనని మా బావమరిది నెల రోజులుగా ఊదరగొడుతూనే ఉన్నాడు. తీరా బయల్దేరే రోజున వ్యాను డిక్కీ తలుపుకి వాడూ నేనూ చెరో భుజం ఆనించి తోస్తే గానీ గడియ పడలేదు. లోపల కుక్కరు, రెండు బర్నర్ల గ్యాసు పొయ్యి, సీసాడు పులిహోర పులుసు, కందిపొడి, గోంగూర పచ్చడి, పెరుగు డబ్బా, సాంబ్రాణి కడ్డీలు, చాప, మా అత్తగారి మోకాళ్ల కోసం ఒక ప్లాస్టిక్ స్టూలు, ఇడ్లీ పిండి, అది పొంగితే పట్టడానికి మరో ఖాళీ గిన్నె ఉన్నాయి. టెంటు కూడా ఉంది. అన్నిటికీ అడుగున.

వెళ్తున్నది అసటీగ్ దీవికి. వర్జీనియాలో మా ఇంటి నుంచి మూడున్నర గంటలని ఫోన్లో మ్యాపు చెప్పింది. శుక్రవారం మధ్యాహ్నం దారిలోని చెసాపీక్ బే బ్రిడ్జి ముందు నిలబడ్డ కార్ల సంగతి అది తర్వాత, తీరిగ్గా చెప్పింది. మేరీల్యాండ్, వర్జీనియా రాష్ట్రాల అంచున, అట్లాంటిక్‌కి అడ్డంగా 37 మైళ్ల పొడవున పడి ఉన్న ఇసుక దీవి అది. క్యాంపు దగ్గర కరెంటు లేదు, వేడినీళ్లు లేవు. ఉన్నదల్లా ఇసుక, గాలి, చిత్తడి నేలల్లో ఉప్పు గడ్డి, ఆ గడ్డి మేసి బతికే అడవి గుర్రాలు. ఈ వైభోగానికి ఆరు నెలల ముందే బుక్ చేసుకోవాలి.

ఆ చోటు అలా ఖాళీగా మిగిలిపోవడం వెనక ఓ రియల్ ఎస్టేట్ కథ ఉంది. 1950లలో అక్కడ పెద్ద వెంచర్ వేశారు. ప్లాట్లు కొట్టి అమ్మారు, తారు రోడ్డు పోశారు, దానికి బాల్టిమోర్ బులవార్డ్ అని నామకరణమూ చేశారు. 1962 మార్చిలో తుపాను వచ్చి రోడ్డునీ, లేచిన కాసిని ఇళ్లనీ ఊడ్చిపెట్టింది. 1965లో ప్రభుత్వం ఆ తీరాన్ని జాతీయ పార్కు చేసేసింది. ఇసుక దిబ్బల మధ్య ఆ తారు ముక్కలు ఇప్పటికీ కనిపిస్తాయి. అదే మన దగ్గరైతే తుపాను వెళ్లిన మర్నాడే ‘సముద్రం ఇప్పుడు మరింత దగ్గరలో’ అని కొత్త బ్రోచరు అచ్చేసేవాళ్లు.

మా మామగారికి ఈ కథ బాగా నచ్చింది. ఆయన ఇన్‌కమ్ టాక్స్ శాఖలో చేసి రిటైరయ్యారు. గుంటూరు, విజయవాడల్లో ఎన్నో రెయిడ్లకి వెళ్లిన మనిషి. పరుపు మీద అలా కూర్చుని, లోపల ఉన్నది దూదో డబ్బో చెప్పేస్తారని ఆఫీసులో పేరట. సొంతూరు బాపట్ల. “సూర్యలంక వెళ్తే సముద్రం చూసి, కాళ్లు తడుపుకుని, చీకటి పడకుండా ఇంటికొచ్చి అన్నం తినేవాళ్లం అల్లుడుగారూ. రాత్రంతా దాని పక్కనే పడుకోవడం ఎందుకు, అది ఎక్కడికైనా పారిపోతుందా?” అన్నారు దారిలో. బావమరిది “ప్రకృతి నాన్నా, ప్రకృతి” అన్నాడు. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

చేరేసరికి పొద్దు వాలిపోతోంది. టెంటు అమ్మిన కొట్టువాడి వీడియోలో ఒక సన్నపాటి అమ్మాయి నవ్వుతూ రెండు నిమిషాల్లో దాన్ని నిలబెట్టేస్తుంది. ఆ అమ్మాయి పచ్చిక మీద ఉంది, గాలి లేదు. మా దగ్గరున్న మేకులు జానెడు. ఇసుకలోకి అవి ఎంత మర్యాదగా దిగాయో అంత మర్యాదగానూ బయటికొచ్చాయి. సముద్రం మీంచి ఒక్క గాలి విసురు తగిలేసరికి టెంటు గుమ్మటంలా ఉబ్బి, ఒక మూల పట్టుకుని వేలాడుతున్న బావమరిదితో సహా పక్క సైటు మీదుగా బయల్దేరింది. పక్క సైటులోని ముసలి దంపతులు ఇద్దరూ లేచి దాన్ని ఆపి పెట్టారు. ఇసుకలో మూరెడు పొడుగు మేకులుండాలట. మేం సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లం ఇద్దరం ఫోన్లు తీసి మూరెడు మేకులు ఎక్కడ దొరుకుతాయో వెతకబోయాం. సిగ్నల్ లేదు.

అప్పుడు మా అత్తగారు స్టూలు మీంచి లేచి, వ్యానులోంచి నాలుగు ఖాళీ సోనా మసూరి సంచులు తెచ్చారు. జిప్పు, చేతిపిడి ఉండే ఇరవై పౌన్ల సంచులు. ఆవిడ ఏ ప్రయాణానికైనా వాటిని మడతపెట్టి వెంట తెస్తారు. ఎందుకని అడిగితే “ఉండనీ” అంటారు. వాటినిండా ఇసుక పోయించి, పిడికి టెంటు తాళ్లు కట్టించి, మోకాలి లోతు గొయ్యి తీయించి పాతించారు. టెంటు మళ్లీ కదిలితే ఒట్టు. పక్క సైటు పెద్దాయన వచ్చి, సంచి మీది అక్షరాలు ఫోన్లో ఫొటో తీసుకుని, సోనా మసూరి క్యాంపింగ్ సామాన్లు చేసే కంపెనీయా అని అడిగాడు. బావమరిది తల ఊపాడు. దేశంలో ఏదో ఒక ఇండియన్ స్టోరుకి ఆయన ఈపాటికి వెళ్లే ఉంటాడు.

సముద్రం మీంచి గాలి వీస్తున్నంతసేపూ అక్కడ ఒక్క దోమ కనబడదు. చీకటి పడ్డాక గాలి పడమటికి తిరిగింది. అంటే దీవి వెనకనున్న చిత్తడి మీంచి మా మీదికి. తర్వాత జరిగినదాన్ని కుట్టడం అనడానికి నాకు మనసొప్పట్లేదు. సాంబ్రాణి పొగకి మేం దగ్గాం గానీ అవి దగ్గలేదు. చివరికి మా అత్తగారు సంచి అడుగునుంచి దోమల బ్యాట్ తీశారు. విజయవాడలో కొన్నది, సూట్‌కేసులో చీరల మధ్య అమెరికా వచ్చింది. ఆ చీకట్లో టప్ టప్‌మని నీలి మెరుపులు. ఐదు నిమిషాల్లో చుట్టుపక్కల సైట్ల వాళ్లు టార్చిలైట్లు పట్టుకుని వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఒకాయన తానూ ఒక్కసారి కొడతానన్నాడు. ఆయన తర్వాత వాళ్లావిడ. బ్యాట్ క్యాంపంతా తిరిగి మా చేతికొచ్చేసరికి చార్జింగ్ అయిపోయింది. కరెంటు లేదని ముందే చెప్పాను కదా.

పొద్దున గుర్రాలు కనిపించాయి. పొట్టివి, గోధుమరంగు మీద తెల్లమచ్చలు, జూలు కళ్లమీద పడుతూ. పార్కు వాళ్లిచ్చిన కాగితం మామగారు అక్షరం వదలకుండా చదివారు. ఎప్పుడో మునిగిపోయిన స్పెయిన్ ఓడలోంచి ఈదుకొచ్చిన గుర్రాల సంతతి అని జనం చెప్పుకుంటారట. అసలు సంగతి ఇంకొకటి కావచ్చునట: 17వ శతాబ్దంలో ఇక్కడి రైతులు పశువుల మీద పన్ను, కంచె చట్టం తప్పించుకోవడానికి తమ పశువుల్ని తోలుకొచ్చి ఈ దీవిలో వదిలేశారు.

ఆ వాక్యం దగ్గర ఆయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు.

“బినామీ ఆస్తులన్నమాట,” అన్నారు.

అక్కణ్నుంచి ఆయనకి ఈ దీవి మీద కొత్త ఆసక్తి పుట్టింది. వర్జీనియా వైపు మందకి షింకటీగ్ ఊళ్లోని వాలంటీరు ఫైరింజను దళం వాళ్లు యజమానులని, 1925 నుంచి ఏటా జులైలో గుర్రాల్ని కాలవ ఈదించి వాటి పిల్లల్ని వేలం వేస్తారని చదివి “వేలం! వసూలంటే అదీ” అని మెచ్చుకున్నారు. మేరీల్యాండ్ వైపు గుర్రాలు పార్కువి, వాటికి వేలం గొడవ లేదు. రాష్ట్రాల సరిహద్దున కంచె కూడా ఉంది. “ఇవతలి వాటికి ఏ బాదరబందీ లేదు, చూడండి పొట్టలు ఎలా ఉన్నాయో” అన్నారు. నిజానికి ఆ పొట్టలకి కారణం ఉప్పు గడ్డి. ఉప్పు మేసి మేసి నీళ్లు విపరీతంగా తాగుతాయి, దాంతో ఉబ్బినట్టు కనబడతాయి. అదీ ఆ కాగితంలోనే ఉంది. ఆయన చదివారు, నమ్మలేదు. “ఆదాయానికి మించిన పొట్ట,” అని ఊరుకున్నారు.

మధ్యాహ్నం మేమంతా నీళ్లలో దిగాం. మామగారు సామానుకి కాపలాగా మడత కుర్చీలో ఉండిపోయారు. బల్ల మీద కూలరు, పక్కన గిన్నెలో పొద్దున్నే పొయ్యి వెలిగించి కలిపిన పులిహోర. తిండి వస్తువులేవీ బయట ఉంచొద్దని, కార్లో పెట్టి తాళం వేయమని పార్కు వాళ్లు మరీ మరీ చెప్పారు. నాన్న ఉన్నారుగా అని బావమరిది ధైర్యం. నాన్నగారికి రాత్రంతా దోమల వల్ల నిద్ర లేదు.

నేను నీళ్లసీసా కోసం దిబ్బ దాటి వచ్చేసరికి మూడు గుర్రాలున్నాయి. ఒకటి బల్ల దగ్గర. కూలరు కొక్కేన్ని ముక్కుతో పైకి ఒక్క తోపు తోసింది, మూత లేచింది. మా బావమరిది ఆ కొక్కేన్ని తీయడానికి రెండు చేతులూ వాడతాడు. రెండోది టెంటు జిప్పు నోటితో లాగి, తల లోపల పెట్టి చాప, దుప్పట్లు కెలుకుతోంది. మూడోది దారికి అడ్డంగా నిలబడి అటూ ఇటూ చూస్తోంది.

మామగారికి మెలకువ వచ్చింది. లేచి, చొక్కా సర్దుకుని, మంచి అధికార స్వరంతో “హూ ఆర్ యూ?” అన్నారు. బల్ల దగ్గరి గుర్రం ఒక చెవి మాత్రం ఇటు తిప్పి తన పని తాను చేసుకుంది. ఆయన మెల్లగా నా దగ్గరకి నడిచొచ్చారు. మొహంలో కోపం లేదు.

“చూశారా అల్లుడుగారూ. ఒకరు బీరువా దగ్గర, ఒకరు పడగ్గదిలో, ఒకరు గేటు దగ్గర. మేం కూడా సరిగ్గా ఇలాగే వెళ్లేవాళ్లం. మధ్యాహ్నం భోజనాల వేళే వెళ్లేవాళ్లం.”

ఈలోగా అందరూ వచ్చేశారు. మా అత్తగారు స్టూలు ఎత్తారు. గుర్రాలకి నలభై అడుగుల దూరంలో ఉండాలని రూలు, అవి కరుస్తాయి, తంతాయి అని మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. “మనం నలభై అడుగుల దూరంలో ఉండాలి సరే, మన పులిహోరకి అది ఉండక్కర్లేదా?” అన్నారు అత్తగారు. రూలు మాకు చెప్పారు, దానికెవరూ చెప్పలేదు. అంచేత కుటుంబమంతా నలభై అడుగులు అంచనా వేసుకుని, వరసగా నిలబడి, మా భోజనం మరొకరు చేస్తుంటే చూశాం.

ఎంత శ్రద్ధగా తిందనుకున్నారు! పై పెదవి వేలులా ఆడిస్తూ అన్నమూ పల్లీలూ లోపలికి తీసుకుని, ఎండుమిరపకాయలూ కరివేపాకూ గిన్నె అంచుకి నెట్టేసింది. “కరివేపాకు ఏరి పారేసే బుద్ధి దీనికీ వచ్చిందీ?” అని అత్తగారు మా చిన్నాడి వైపు చూశారు. తర్వాత క్యారెట్లు, క్యాబేజీ, రొట్టె. పెరుగు డబ్బా నేలమీద పడేసి నాకింది. గోంగూర పచ్చడి దగ్గర మాత్రం ఆగింది. వాసన చూసి, తల పైకెత్తి, పై పెదవి ముక్కు మీదికి మడిచి, పళ్లన్నీ బయటపెట్టి అలాగే ఆకాశం కేసి చూస్తూ ఉండిపోయింది. కొత్త వాసన తగిలితే గుర్రాలన్నీ అలాగే చేస్తాయట. మా అత్తగారు మాత్రం దాన్ని అవమానం కిందే లెక్క కట్టారు.

సైకిల్ మీద పోనీ పాట్రోల్, అంటే గుర్రాల గస్తీ, వాలంటీరు ఒకావిడ వచ్చి, చప్పట్లు కొట్టి గుర్రాల్ని అదిలించింది. అవి హడావుడి పడకుండా, పని ముగించుకున్న ధీమాతో వెళ్లాయి. తిండి బయట వదలడమంటే గుర్రానికి పెట్టినట్టేనని, దానికి జరిమానా ఉంటుందని, మనుషుల తిండి రుచి మరిగిన గుర్రాలు రోడ్ల మీదికొచ్చి కార్ల కింద పడతాయని ఆవిడ బావమరిదికి నెమ్మదిగా, పూర్తిగా బోధించింది. ఈసారికి హెచ్చరికతో వదిలేసింది. వాడు ప్రకృతి అన్న మాట ఆ తర్వాత ఎత్తలేదు.

మామగారు అప్పటికే పార్కు కాగితం వెనక మా పాప చేత పంచనామా రాయిస్తున్నారు. “రాయమ్మా. పులిహోర, ఒక గిన్నె. జప్తు. క్యారెట్లు, ఒక కట్ట. జప్తు. గోంగూర పచ్చడి, ఒక సీసా. అభ్యంతరం లేకుండా వాపసు.” సాక్షులిద్దరుండాలని పట్టుబట్టి పక్క సైటు దంపతుల్ని పిలిచారు. వాళ్లు అదేదో గుర్రాల సంరక్షణ కోసం వినతిపత్రమనుకుని సంతోషంగా సంతకాలు పెట్టారు.

గోంగూర కాక తిండిలో మిగిలింది ఒక్క ఇడ్లీ పిండి. రూలు ప్రకారం కార్లో పెట్టి తాళం వేసింది అదొక్కటే. వెళ్లి తలుపు తీశాం. ఆ ఎండకి అది పొంగి, పట్టమని పెట్టిన గిన్నెనీ నింపి, అంచు దాటి, సీటు కిందికి దిగి, వ్యాను చాప మీద విశ్రాంతి తీసుకుంటోంది.

సాయంత్రం పక్కనున్న ఓషన్ సిటీకి వెళ్లి పిజ్జా తిన్నాం, మధ్యలో గోంగూర నంజుకుంటూ. బాగుందనే చెప్పాలి. బిల్లు రాగానే మామగారు అలవాటు చొప్పున చేతిలోకి తీసుకున్నారు. కళ్లజోడు సర్దుకుని, కిందివైపు ఒక గీత మీద వేలు పెట్టి నాకు చూపించారు. మేరీల్యాండ్ రాష్ట్రానికి అమ్మకం పన్ను, 6 శాతం.

“తిన్నది అవి, అల్లుడుగారూ. కడుతున్నది మనం. మూడొందల యాభై ఏళ్లుగా వాటి పద్ధతి మారలేదు.”