లావు తీగ కట్టినంత మాత్రాన స్పీడ్ కంట్రోలర్ బతకదు

పర్లాకిమిడి, బరంపురం, రాయగడ వైపు రిమోట్ కంట్రోల్ బొమ్మ ట్రక్కులు నడిపే మన తెలుగువాళ్ల ఫోన్లలో కొంతకాలంగా ఒక సందేశం చేతులు మారుతోంది. ఎలక్ట్రానిక్ స్పీడ్ కంట్రోలర్, అంటే బ్యాటరీ నుంచి మోటారుకు వెళ్లే కరెంటును అదుపుచేసే, మనం ఈఎస్‌సీ అని పిలిచే భాగం, ఎందుకు కాలిపోతుందో అందులో అయిదు మాటల్లో చెప్పారు. ఆంపియర్లు చాలకపోవడం ఒక్కటే కారణమనీ, రెండింతల ఆంపియర్లది వేస్తే ఇక చెడదనీ మొదటి మాట. తీగ లావుగా ఉంటే బ్యాటరీ వైర్లను ఎంత పొడవైనా పెంచుకోవచ్చన్నది రెండవది. బయటకు వేలాడే కెపాసిటర్, అంటే కరెంటును కాసేపు దాచి ఇచ్చే చిన్న డబ్బా, ఊడిపోతే తీసి పారేయవచ్చునట. వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉంటే సముద్రంలోనైనా దింపవచ్చునట. మోటారు మూడు తీగలు తారుమారైతే ఈఎస్‌సీ కాలిపోతుందన్నది చివరి మాట. వీటిని నమ్మి పాడుచేసుకున్న బళ్లు నా బల్ల మీదికి వస్తున్నాయి కాబట్టి ఒక్కొక్కదానికీ జవాబు రాయవలసి వచ్చింది.

మొదటి మాటలో కొంత నిజముంది. పెద్ద ఈఎస్‌సీలో మాస్‌ఫెట్లు, అంటే కరెంటును తెంచి కలిపే స్విచ్చుల్లాంటి భాగాలు, ఎక్కువగానో, తక్కువ నిరోధంతోనో ఉంటాయి కాబట్టి అదే పనికి అది తక్కువ వేడెక్కుతుంది. అయితే పెట్టె మీది ఆంపియర్ల అంకె ఎంతసేపటికి, ఎంత గాలి తగులుతుండగా కొలిచిందో అన్ని కంపెనీలకూ ఒకే పద్ధతి లేదు. అంతకంటే ముఖ్యమైన విషయం, బ్యాటరీ నుంచి వచ్చే కరెంటూ మోటారులో పారే కరెంటూ ఒకటి కావు. థ్రాటిల్ మూడో వంతు నొక్కి మహేంద్రతనయ నది ఇసుకలో కూరుకుపోయిన బండిని లాగుతున్నప్పుడు బ్యాటరీ 20 ఆంపియర్లు ఇస్తుంటే, మోటారు తీగల్లోనూ మాస్‌ఫెట్లలోనూ దాదాపు 60 ఆంపియర్లు తిరుగుతుంటాయి. బండి కదలదు, వేగం లేదు, మనకేమో పెద్ద బరువు పడుతున్నట్టే అనిపించదు. ఈఎస్‌సీ మాత్రం అప్పుడే ఎక్కువగా కాలుతుంది. ఫుల్ థ్రాటిల్‌లో రోడ్డు మీద పరుగెత్తించినదాని కంటే ఇసుకలో మెల్లగా గింజుకున్న బండి ముందు చావడానికి కారణం ఇదే.

గేరింగ్ గురించి ఆ సందేశంలో ఒక్క ముక్క లేదు. మోటారు ఇరుసుకుండే చిన్న పళ్లచక్రం, అంటే పినియన్, 13 పళ్లది తీసి 15 పళ్లది వేశారనుకోండి. చక్రానికి అదే బలం అందాలంటే మోటారు కరెంటు సుమారు 15 శాతం పెరగాలి. నిరోధం వల్ల పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అది మూడో వంతు ఎక్కువవుతుంది. ఆ పైన రెండు సెల్లుల లిపో బ్యాటరీ తీసి మూడు సెల్లులది పెడితే ఈఎస్‌సీ మీద భారం ఇంకా పెరుగుతుంది. రెండింతల ధర పెట్టి పెద్దది కొనేముందు ఒక చిన్న పినియన్ కొని చూడమని నేను ప్రతివారికీ చెబుతున్నాను.

రెండవ మాటే అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసింది. పక్క వీధి కుర్రవాడొకడు ఈఎస్‌సీని గాలి తగిలేలా బండి ముందు భాగానికి మార్చి, వెనకనున్న బ్యాటరీకి అందేలా రెండు తీగలకూ చెరో 45 సెంటీమీటర్లు కలిపాడు. “లావు తీగే కట్టాను కదా మావయ్యా, ఎందుకు పోయింది?” అని అడిగాడు. అతను కట్టింది 12 గేజ్ తీగ, నిజంగా లావుదే. మీటరు పొడవుకు దాని నిరోధం 5.2 మిల్లీఓములు మాత్రమే. రాకా పోకా కలిపి 90 సెంటీమీటర్లకు 60 ఆంపియర్ల దగ్గర దాదాపు 17 వాట్ల వేడి, పావు వోల్టుకు కాస్త మించిన నష్టం. దానికే అయితే ఈఎస్‌సీ చావదు.

చంపింది నిరోధం కాదు, ఇండక్టెన్స్, అంటే పారుతున్న కరెంటు ఒక్కసారిగా మారకుండా తీగ ఎదురుతిరిగే గుణం. మాస్‌ఫెట్లు సెకనుకు 8 వేల నుంచి 32 వేల సార్లు కరెంటును తెంచి కలుపుతుంటాయి. మోటారు పంపు నడుస్తుండగా పైపు చివర కుళాయిని టక్కున కట్టేస్తే పైపంతా ఎలా దడదడలాడుతుందో, తీగలో పారుతున్న కరెంటును టక్కున ఆపినప్పుడు ఈఎస్‌సీ దగ్గర వోల్టేజి అలాగే ఎగదన్నుతుంది. పైపు పొడవు పెరిగేకొద్దీ ఆ దెబ్బ పెరుగుతుంది. తీగను లావు చేస్తే ఈ గుణం పెద్దగా తగ్గదు. అది పొడవును బట్టీ, రెండు తీగల మధ్య ఎడమును బట్టీ ఉంటుంది. ఆ కుర్రవాడి బండిలో ఎర్ర తీగ ఒక పక్కనుంచీ నల్ల తీగ రెండో పక్కనుంచీ పోయాయి కాబట్టి ఎడం కూడా చేరింది. అతుకులను సోల్డర్ చేయకుండా మెలిపెట్టి టేపు చుట్టాడు. అటువంటి అతుకులో ఒక్క మిల్లీఓము చేరినా 60 ఆంపియర్ల దగ్గర 3.6 వాట్లు ఆ ఒక్క చోటే కాలుతాయి. టేపు విప్పితే లోపలి రాగి నల్లబడి, జిగురు కరిగి వేలికి అంటుకుంది.

ఈఎస్‌సీని ముందుకు జరపక తప్పకపోతే బ్యాటరీ తీగలను కంపెనీ ఇచ్చిన పొడవులోనే ఉంచి, మోటారు వైపు మూడు తీగలను పెంచుకోవాలి. మోటారు చుట్ట స్వయంగా పెద్ద ఇండక్టెన్స్ గలది కాబట్టి అక్కడ కొద్ది పొడవు చేరినా ఇంత హాని ఉండదు. బ్యాటరీ వైపే పెంచక తప్పదంటే రెండు తీగలనూ ఒకదానికొకటి ఆనించి తీసుకువెళ్లి, ఈఎస్‌సీకి వీలైనంత దగ్గరగా, ప్లస్ మైనస్ సరిచూసుకొని, అదనపు కెపాసిటర్లు సోల్డర్ చేయాలి. మూడు సెల్లుల లిపో నిండా ఎక్కినప్పుడు 12.6 వోల్టులుంటుంది కాబట్టి, 25 వోల్టుల కెపాసిటర్ వేస్తే తగినంత వెసులుబాటు ఉంటుంది.

ఇంత చెప్పాక మూడవ మాటకు జవాబు అందులోనే ఉంది. ఎగదన్నిన ఆ వోల్టేజిని మింగేది కెపాసిటరే. అది లేకపోతే దెబ్బంతా నేరుగా మాస్‌ఫెట్ల మీద పడుతుంది. కుర్రవాడి ఈఎస్‌సీ మూత తీసినప్పుడు కెపాసిటర్ నెత్తి బొటనవేలి గోరులా ఉబ్బి ఉంది, కాళ్ల దగ్గర గోధుమరంగు చెక్కు కట్టింది, మాస్‌ఫెట్ ఒకటి పగిలి లోపలి నలుపు కనబడింది. ముందు పోయింది కెపాసిటర్, ఆ తరువాత మాస్‌ఫెట్. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌కు పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సగమవుతుందన్నది ఈ పనిలో ఉన్నవారందరూ పాటించే లెక్క. నెత్తి కొంచెం ఉబ్బినా, కాలు కదిలినా వెంటనే మార్చాలి. పది, ఇరవై రూపాయల భాగం కోసం వేల రూపాయల బోర్డును పోగొట్టుకోవడం చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

వాటర్‌ప్రూఫ్ మాటకు వస్తే, తయారీదారులు బోర్డును రెసిన్‌లోనో పూతలోనో మూసి ఉంచుతారు, అది నిజమే. వాన నీటి గుంటను అది తట్టుకుంటుంది. కాని ప్లగ్గుల లోహపు కాళ్లకూ, ఫ్యాన్‌కూ, తీగ చివరలకూ ఆ పూత ఉండదు. గోపాలపూర్ ఒడ్డున ఒక్క సాయంత్రం ఆడించి కడగకుండా దాచిన బండి ప్లగ్గు కొన్నాళ్లకు తెరిస్తే, రాగి మీద పచ్చని చిలుము పట్టి, తీగ ఇన్సులేషన్ లోపలికి కూడా పాకింది. ఉప్పునీరు మంచినీటి కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా కరెంటును పారనిస్తుంది, ఆరిన తరువాత కూడా ఉప్పు గాలిలోని తేమను లాగుతూనే ఉంటుంది. పొరపాటున సముద్రపు నీరు తగిలితే బ్యాటరీ తీసి, మంచినీటితో కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి.

మూడు తీగల భయం మాత్రం అక్కరలేదు. సెన్సార్ లేని బ్రష్‌లెస్ మోటారుకు ఏ రెండు తీగలు మార్చినా మోటారు వెనక్కు తిరుగుతుంది, అంతే. సెన్సార్ కేబుల్ ఉన్నదానికి మాత్రం ఏ, బీ, సీ గుర్తుల ప్రకారమే కలపాలి. కాల్చేది బ్యాటరీ వైపు తారుమారు. మాస్‌ఫెట్‌లో పుట్టుకతోనే ఉండే డయోడు, అంటే కరెంటును ఒక్క దిశలోనే పోనిచ్చే భాగం, ఎదురు దిశలో తెరుచుకొని బ్యాటరీకి షార్ట్ సర్క్యూట్ అవుతుంది, చెయ్యి వెనక్కు తీసేలోగానే పొగ వస్తుంది. నేను కొత్త ప్లగ్గు వేసిన ప్రతిసారీ, బ్యాటరీ తగిలించకముందే, ఎర్ర తీగ ప్లస్ గుర్తున్న కాలికే చేరిందో లేదో మీటరుతో చూసుకుంటాను.