సవరణ: గుండె మార్పిడికి ముందు శ్వాస వ్యాయామాలు

గుండె మార్పిడికి ముందు రెండు వారాలు శ్వాస వ్యాయామం చేస్తే న్యుమోనియా ముప్పు సగానికి పైగా తగ్గుతుందని పోయిన పోస్టులో ఉంది. ఆ లెక్క మార్పిడిది కాదు, బైపాస్ సర్జరీది. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో 279 మందిపై జరిగిన అధ్యయనం అది, 2006లో వచ్చింది. రోజూ 20 నిమిషాలు సాధన చేసినవాళ్లలో 6.5 శాతం మందికి న్యుమోనియా వస్తే, చేయనివాళ్లలో 16.1 శాతం మందికి వచ్చింది. పైగా, ఊపిరితిత్తుల ఇబ్బందులు వచ్చే అవకాశం ఎక్కువున్నవాళ్లనే అందులోకి తీసుకున్నారు.

ఆ పోస్టు ఫొటోలోని మూడు బంతుల స్పైరోమీటర్ (గాలి పీల్చి బంతుల్ని పైకి లేపే పరికరం) కూడా ఆ అధ్యయనంలో వాడింది కాదు. దీనితో ఊపిరి లోతుగా తీయడం అలవాటవుతుంది, అంతే. అక్కడ వాడింది పీల్చే గాలికి ఎదురు ఒత్తిడి పెట్టేది. ఒక్కొక్కరి ఊపిరి పీల్చే బలాన్ని కొలిచి, అందులో 30 శాతం దగ్గర మొదలుపెట్టి పెంచారు.

ఇక "రెండు వారాల ముందు" అన్న మాట మార్పిడికి అసలు పొసగదు. బైపాస్‌కు తేదీ ఇస్తారు. ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదైనవాళ్లకు గుండె దొరికిందన్న ఫోన్ ఏ అర్ధరాత్రి వస్తుందో ఎవరు చెప్పగలరు? దాత నుంచి తీసిన గుండెను సుమారు నాలుగు గంటల్లో అమర్చాలి, టైమ్ ఉండదు. కాబట్టి ఎదురుచూసినన్నాళ్లూ సాధన సాగాల్సిందే. గుండె బాగా దెబ్బతిన్నవాళ్లలో ఊపిరి తీసే కండరాలూ నీరసిస్తాయి. అందుకే ఒత్తిడి ఎంత పెట్టాలో ఫిజియోథెరపిస్టే చూడాలి. యూట్యూబ్ చూసి ఊపిరి బిగబట్టడాలు వద్దు. తల తిరిగినా, ఆయాసం పెరిగినా వెంటనే ఆపి డాక్టరుకు చెప్పండి.