బీడీఎస్ అయ్యాక అందరికీ క్లినిక్కేనా?

శ్రీకాకుళంలో డే అండ్ నైట్ జంక్షన్ నుంచి ఏడు రోడ్ల జంక్షన్ దాకా వెళ్తే పళ్ల డాక్టర్ల బోర్డులే బోర్డులు, అదే మెళియాపుట్టి, మందస వైపు వెళ్లండి, వెతుక్కోవాలి. నీట్ రాసి బీడీఎస్, అంటే పళ్ల డాక్టర్ చదువు, నాలుగేళ్లు చదివి, ఏడాది ఇంటర్న్‌షిప్ చేసి వచ్చాక మనోళ్లకి తోచేది ఒకటే, టౌన్లో గది అద్దెకి తీసుకుని చైర్ వేసేయడం. చైరు, కంప్రెసరు, ఎక్స్‌రే అన్నీ లోన్ మీదే, పేషెంట్లు రాకపోతే సీనియర్ దగ్గర పర్సంటేజీకి పని చేసి ఆ డబ్బుతో ఈఎంఐ కట్టుకోవడం.

సరే, పీజీ, అంటే ఎండీఎస్ చేద్దాం అంటే ఇంకో మూడేళ్లు. బ్రాంచిలు తొమ్మిది ఉన్నా అందరి కన్నూ ఆర్థో (పళ్లు సరిచేసే క్లిప్పులు), ఎండో (రూట్ కెనాల్), ఓరల్ సర్జరీ మీదే. తప్పనడానికి లేదు, క్లిప్పులకీ రూట్ కెనాల్‌కీ జనం డబ్బులు పెడతారు. విదేశాలంటారా, అమెరికా అయితే పరీక్షలు రాసి మళ్లీ రెండు మూడేళ్లు అక్కడ చదవాలి, ఇంగ్లండ్‌కి ఓఆర్‌ఈ అని విదేశీ డెంటిస్టులకి పెట్టే పరీక్ష పాసవ్వాలి, ఖర్చు చూసుకుని దిగాలి.

ఎవరూ పట్టించుకోనిది ల్యాబ్. డాక్టర్ పన్ను అరగదీసి కొలత తీసి పంపితే క్యాప్ తయారయ్యేది అక్కడే, ఇప్పుడు స్కానర్ ఉంటే అచ్చు కూడా అక్కర్లేదు, ఫైల్ వెళ్తుంది. డెంటల్ మెకానిక్ కోర్సు రెండేళ్లే. చేతిపని ఇష్టమున్న కుర్రాళ్లకి ఇది మంచి దారి, కానీ మన ఇళ్లల్లో దీని పేరు కూడా వినరు.

అసలు నా బాధ పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ గురించి, అంటే ఊళ్లలో జనం నోటి ఆరోగ్యం చూసే ఎండీఎస్ బ్రాంచి. మన తీరం పల్లెల్లో అడ్డపొగ తెలుసు కదా, చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం, ఎక్కువగా ఆడవాళ్లే, ఆ వేడికి అంగిట్లో తెల్లమచ్చలు లేచి కొందరికి క్యాన్సర్ దాకా పోతుంది. డెన్మార్క్ డాక్టర్ పిండ్‌బోర్గ్, ఇక్కడి పరిశోధకులు కలిసి మన జిల్లా పల్లెల్లో 10,169 మందిని చూసి 1971లోనే పేపర్ వేశారు. అంత పేరున్న జబ్బు ఉన్న చోట ఆ బ్రాంచి చదివినోళ్లకి పోస్టులేవి? సర్కారీ డెంటల్ సర్జన్ అంటే పెద్దాసుపత్రుల దగ్గరే ఆగిపోతుంది. 30 ఏళ్లు దాటినోళ్ల నోరు చూడాలని సర్కారు ఎన్‌సీడీ (బీపీ, షుగర్, క్యాన్సర్ లాంటి అంటుకోని జబ్బుల) ప్రోగ్రాంలో ఉంది, చూసేది బీపీ, షుగర్, రిజిస్టర్లు అన్నీ మోస్తున్న ఏఎన్‌ఎమ్మే, పాపం ఆమె మాత్రం ఎన్నని చూస్తుంది. నాలుగైదు మండలాలకి ఒక డెంటిస్ట్‌ని కాంట్రాక్ట్ మీదైనా వేసి, వారానికోసారి ఒక మత్స్యకార పల్లెకి పంపితే, ఆ మచ్చలు ముదరకముందే దొరుకుతాయి, టౌన్లో ఖాళీ చైర్ పక్కన కూర్చున్న బీడీఎస్ కుర్రాళ్లకి నెల జీతమూ వస్తుంది.