పాలీ ముర్రే: తిరిగొచ్చిన దరఖాస్తులు, గెలిచిన వాదనలు

1971లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు ‘రీడ్ వర్సెస్ రీడ్’ అనే కేసు వచ్చింది. చనిపోయిన కొడుకు ఆస్తి వ్యవహారాలు తల్లి చూడాలా, తండ్రి చూడాలా అన్నది తగువు. ఇద్దరికీ సమాన అర్హత ఉంటే మగవాళ్లకే ఇవ్వాలని ఐడహో రాష్ట్ర చట్టం. కోర్టు దాన్ని కొట్టేసింది. ఆడా మగా తేడా చూపే చట్టాన్ని, అందరికీ చట్టం ముందు సమాన రక్షణ ఇచ్చే రాజ్యాంగ 14వ సవరణ కింద సుప్రీంకోర్టు తోసిపుచ్చడం అదే మొదటిసారి. తల్లి తరఫు వాదన పత్రం రాసినవాళ్లలో ముఖ్యురాలు, తర్వాత సుప్రీంకోర్టు జడ్జి అయిన రూత్ బేడర్ గిన్స్‌బర్గ్. అయితే దాని అట్ట మీద ఆమె ఇంకో ఇద్దరి పేర్లు కూడా వేయించారు: లాయర్ డొరతీ కెన్యన్, నల్లజాతి లాయర్ పాలీ ముర్రే. ఆ పత్రం రాయడంలో వాళ్ల చెయ్యి లేదు. ఆ వాదనకు పునాది వేసింది మాత్రం వాళ్లే.

ముర్రే గురించి రాసేవాళ్లు చాలామంది గుర్తింపు దక్కలేదని జాలిపడి ఊరుకుంటారు. మనం చూడాల్సింది ఆమె పని చేసిన తీరు. తన ముఖాన తలుపు వేసిన ప్రతిసారీ, ఏ నిబంధన ప్రకారం వేశారో పట్టుకుని దాన్నే న్యాయవాదనగా మార్చింది. ఆ వాదనలు గెలిచేసరికి ఏళ్లు గడిచాయి. గెలిచింది కూడా ఎక్కువగా వేరేవాళ్ల చేతుల మీదుగానే.

ఆమె 1910లో బాల్టిమోర్‌లో పుట్టింది. చిన్నప్పుడే తల్లి పోతే నార్త్ కరోలినాలోని డరమ్‌లో తల్లి అక్క పెంచింది. 1938లో నార్త్ కరోలినా యూనివర్సిటీలో పై చదువుకు దరఖాస్తు పెడితే, మీ జాతివాళ్లను చేర్చుకోమని జవాబొచ్చింది. ముర్రే అమ్మమ్మ కొర్నీలియా బానిసగా పుట్టింది. కొర్నీలియా తల్లిపై అత్యాచారం చేసినవాడు యజమాని కొడుకు, అదే యూనివర్సిటీలో చదివినవాడు. ఆ యజమానుల, అంటే స్మిత్ కుటుంబపు, ఆస్తిలో కొంత తర్వాత ఆ యూనివర్సిటీకే దక్కింది. అంటే తమ సొమ్ము తిన్న చోటే మనవరాలికి సీటు లేదన్నారు.

1940లో వర్జీనియాలోని పీటర్స్‌బర్గ్‌లో బస్సు వెనక సీటులోకి పొమ్మంటే ముర్రే, ఆమె స్నేహితురాలు కదల్లేదు. అరెస్టయ్యారు. అప్పటికే ముర్రే గాంధీ సత్యాగ్రహం గురించి చదువుతోంది. అయితే చివరికి వాళ్లకు శిక్ష వేసింది నల్లవాళ్లను వేరుగా ఉంచే వేర్పాటు చట్టం కింద కాదు, శాంతిభద్రతల కింద. దాంతో ఆ చట్టాన్నే పై కోర్టులో సవాలు చేసే వీలు లేకుండా పోయింది. ఆమె లా చదవాలని గట్టిగా అనుకోవడానికి ఇదో కారణం.

1941లో హోవర్డ్ యూనివర్సిటీ లా స్కూల్లో చేరింది. అది నల్లజాతి విద్యాసంస్థ. ఆడవాళ్లు అసలు లా చదవడానికి ఎందుకొస్తారో తెలియదని మొదటి రోజే ప్రొఫెసర్ ఒకాయన క్లాసులో అన్నాడు. అబ్బాయిలు నవ్వారు. జాతి వేర్పాటుకు ‘జిమ్ క్రో’ అని పేరుండేది కదా, తన అనుభవానికి ముర్రే ‘జేన్ క్రో’ అని పేరు పెట్టింది ఇక్కడే.

ఆ క్లాసులోనే జరిగిన పందెం కథ కూడా చెప్పుకోవాలి. ‘వేరుగా ఉన్నా సమానమే’ అన్న 1896 నాటి ప్లెసీ తీర్పు మీద అప్పటి నల్లజాతి లాయర్ల వ్యూహం ఒకటే: సౌకర్యాలు సమానంగా లేవని నిరూపించడం. వేరు చేయడమే రాజ్యాంగ విరుద్ధమని నేరుగా కొట్టాలంది ముర్రే. తోటివాళ్లు నవ్వారు. 25 ఏళ్లలో ప్లెసీ కూలుతుందని ప్రొఫెసర్ స్పాట్స్‌వుడ్ రాబిన్సన్‌తో పది డాలర్లు పందెం కాసి, తన వాదనను చివరి ఏడాది పేపర్‌గా రాసింది. పదేళ్లకే, 1954లో, బడుల్లో జాతి వేర్పాటు రాజ్యాంగ విరుద్ధమన్న సుప్రీంకోర్టు బ్రౌన్ తీర్పు వచ్చింది. ఆ కేసు సిద్ధం చేస్తున్నప్పుడు రాబిన్సన్ ఆ పాత పేపర్‌ను బయటికి తీసి తన సహచరులకు చూపించాడు. ఆ సంగతి ముర్రేకి తెలిసింది తీర్పు వచ్చిన ఎన్నో ఏళ్లకు!

1944లో క్లాస్ ఫస్టుగా బయటికొచ్చింది. ఆ స్థానంలో వచ్చినవాళ్లు హార్వర్డ్‌కు వెళ్లడం ఆనవాయితీ. ఈసారి అడ్డం వచ్చింది జాతి కాదు. హార్వర్డ్ లా స్కూల్ అప్పట్లో ఆడవాళ్లను తీసుకునేది కాదు. ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ ఉత్తరం రాసినా పని జరగలేదు. లింగం మార్చుకోవడానికి తనకేం అభ్యంతరం లేదనీ, ఆ దారేదో ఇంకా ఎవరూ చూపలేదనీ ముర్రే వాళ్లకు తిరుగు జవాబు రాసింది. పైకి వెటకారమే. కానీ అంతకు కొన్నేళ్ల ముందు నుంచే తాను లోలోపల మగవాడినని నమ్మి, మగ హార్మోన్లు ఇవ్వమని డాక్టర్లను అడిగి కాదనిపించుకున్న మనిషి రాసిన వాక్యమది.

1951లో ఆమె 700 పేజీలు దాటిన పుస్తకం తెచ్చింది. ఏ రాష్ట్రంలో జాతి మీద ఏ చట్టం ఉందో అన్నీ ఒకచోట చేర్చింది. పౌరహక్కుల లాయర్లకు అది బైబిల్ అన్నాడు బ్రౌన్ కేసు వాదించిన లాయర్ థర్గుడ్ మార్షల్. 1964లో, ఉద్యోగాల్లో వివక్షను నిషేధించే పౌరహక్కుల బిల్లులో ‘సెక్స్’ అనే మాట ఉంచాలా తీసేయాలా అని సెనేట్‌లో గొడవ నడుస్తుంటే, ముర్రే ఒక మెమో రాసి వైట్‌హౌస్ దాకా చేరేలా చూసింది. ఆ మాట లేకపోతే ఈ చట్టం నల్లజాతిలో సగం మందినే కాపాడుతుందంది. నల్లజాతి స్త్రీకి ఉద్యోగం రాకపోతే అది రంగు వల్లో, ఆడదవడం వల్లో తేల్చడమే కష్టమని వాదించింది. ఆ మాట నిలిచింది.

నా ఉద్దేశంలో ఆమె రాసినవాటిలో అన్నిటికన్నా ముందుచూపు ఉన్నది ఈ మెమోనే. ఎందుకంటే కోర్టుల్లో ఆమె వాడిన మరో వాదనలో ఒక చిక్కుంది. జాతి వివక్ష ఎలాంటిదో లింగ వివక్షా అలాంటిదే అన్న పోలిక అది. తెల్లజాతి స్త్రీలకు బాగా పనికొచ్చింది. కానీ రెండు పక్కపక్క గీతలు గీస్తే, రెండిట్లోనూ ఉన్న మనిషి ఎక్కడ నిలబడాలి? 1976లో జనరల్ మోటార్స్ మీద నల్లజాతి స్త్రీలు వేసిన కేసులో సరిగ్గా ఇదే జరిగింది. కంపెనీలో స్త్రీలున్నారు, నల్లవాళ్లున్నారు, రెండూ కలిపి ప్రత్యేక ఫిర్యాదు కుదరదని కింది కోర్టు తేల్చేసింది. ఆ స్త్రీలు తెల్లవాళ్లు, ఆ నల్లవాళ్లు మగవాళ్లు అన్న సంగతి లెక్కలోకి రాలేదు. న్యాయ పండితురాలు కింబర్లీ క్రెన్‌షా 1989లో ఇంటర్‌సెక్షనాలిటీ (ఒకే మనిషి మీద రెండు మూడు వివక్షలు కలిసి పడటం) అన్న మాట తెచ్చింది ఈ తీర్పును విప్పి చూస్తూనే.

ముర్రే ఉద్యమ మిత్రులతోనూ సర్దుకుపోయే మనిషి కాదు. 1963 వాషింగ్టన్ మార్చ్‌కు ముందు, ఆ మార్చ్ నాయకుడు ఫిలిప్ రాండాల్ఫ్ నేషనల్ ప్రెస్ క్లబ్‌లో ప్రసంగానికి ఒప్పుకున్నాడు. అక్కడ మహిళా విలేకరులను బాల్కనీలో కూర్చోబెట్టేవారు. బస్సు వెనక సీటుకూ ఈ బాల్కనీకీ తేడా ఏంటని ఆయనకు ఘాటుగా ఉత్తరం రాసింది. 1966లో ‘నౌ’ మహిళా సంస్థ పుట్టుకలో పాలుపంచుకుని, పేద, నల్లజాతి స్త్రీల సంగతి పక్కన పడుతోందని త్వరలోనే దూరం జరిగింది. ఇటు 1969లో, తాను పాఠాలు చెప్పే బ్రాండైస్ యూనివర్సిటీలో, తమకంటూ ఒక చోటు కావాలని నల్లజాతి విద్యార్థులు భవనం ఆక్రమిస్తే, వాళ్లనూ తప్పుపట్టింది. వేరుగా ఉండటం కోరుకుంటే అది మళ్లీ వేర్పాటే కదా అన్నది ఆమె పట్టు. పైనుంచి రుద్దిన వేర్పాటూ, కింది నుంచి అడిగిన చోటూ ఒకటి కావు. ఆ పిల్లల మాట ఆమె సరిగా వినలేదనే అనిపిస్తుంది.

1977లో ఆమె ఎపిస్కోపల్ చర్చిలో ప్రీస్టు అయిన మొదటి నల్లజాతి మహిళ అయ్యింది, 1985లో కన్నుమూసింది. ఇక 1964 చట్టంలో నిలబెట్టిన ఆ ఒక్క మాట 2020 జూన్‌లో మళ్లీ సుప్రీంకోర్టుకు వచ్చింది. గే అని, ట్రాన్స్‌జెండర్ అని ఉద్యోగంలోంచి తీసేయడం కూడా ‘సెక్స్’ ఆధారంగా చూపిన వివక్షే అని కోర్టు 6–3తో చెప్పింది. ఆ తీర్పు రాసింది డొనాల్డ్ ట్రంప్ నియమించిన జడ్జి నీల్ గోర్సచ్.